రొద డబ్బా

పగలు నాది రొద తుడిచే ఉద్యోగం.
పురసవాక్కంలో చెవి మిషన్ల షాపు.
అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి
ఫ్యాను గాలినీ బస్సు హారన్నీ వడకట్టి
మనవరాలి గొంతు మటుకు చెవిలో పోసి పంపిస్తాను.
రాత్రి పెరంబూరులో, మూడో అంతస్తులో,
ఆరేసిన బట్టల కిందికి బల్ల లాక్కుని
అదే చేత్తో రొద వండుతాను.

గిటారు మా తమ్ముడిది కాదు, నాదే.
అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను.

రిచీ స్ట్రీట్‌లో సిలికాన్ గుప్పెడు ఇరవై రూపాయలు.
పొన్నురంగం గారు శనగల్లా కొలిచి పొట్లం కట్టి
"జెర్మేనియమా? అది మా నాయన కాలం సరుకు తల్లీ" అన్నాడు
మద్రాసు తెలుగులో మొదలెట్టి
సగంలో తమిళంలోకి దిగిపోతూ.

చివరికి దొరికింది మా షాపులోనే.
మార్చిలో ఒకావిడ వచ్చింది, తనకే డెబ్బై దాటి ఉంటాయి.
వాళ్లమ్మ చెవి మిషను,
రవిక లోపల దోపుకునే పాతకాలపుది,
అగ్గిపెట్టెకి అన్నలాంటిది.
వెనక ప్లాస్టరు ముక్క మీద నీలం సిరాతో
ఎస్. ఆండాళమ్మ.
"బాగు చేయక్కర్లేదు. పారేయడానికి చెయ్యి రాలేదమ్మా" అని
కౌంటరు మీద పెట్టి
చిల్లర మరిచిపోయినదానిలా ఒకసారి వెనక్కి చూసి
వెళ్లిపోయింది.

విప్పితే లోపల మూడు జెర్మేనియం గింజలు.
ఒకటి చచ్చింది.
ఒకటి నోరు మూతపడక కారుతూనే ఉంది.
మూడోది మీటరు పెట్టగానే
డెబ్బై నాలుగు అంది, తడబడకుండా.

పాత సరుకుది ఎదురు నడక.
దాని కోసం ప్లస్సుని నేలకి కట్టాలి,
తొమ్మిది వోల్టుల బ్యాటరీ తలకిందులుగా తపస్సు చేయాలి,
జోడీగా వచ్చే సిలికాన్‌ది కూడా అదే నడక కావాలి.
పొట్లమంతా పోసి ఏరితే అలాంటివి నాలుగే.
ముందు సిలికాన్:
ఎండకీ వానకీ చలించని గుమాస్తా.
వెనక జెర్మేనియం:
ఎవరేమన్నా ముఖం ఎర్రబడే మనిషి.
మధ్యలో నేను, టంకం పొగకి కళ్లు చికిలించి.

ప్రీసెట్ తిప్పి తిప్పి నాలుగున్నర దగ్గర నిలబెట్టాను.
నిలబడింది.
అతుకు గట్టిగా ఉందా అని రెండు వేళ్లతో పట్టుకున్నాను, అంతే,
నాలుగు పాయింటు మూడు,
నాలుగు పాయింటు ఒకటి,
మూడు పాయింటు తొమ్మిది,
మెట్లు దిగుతున్నట్టు.
తప్పెక్కడుందో అని అరగంట వెతికాను.
తప్పు లేదు.
అది నా వేళ్ల వేడి.
చెయ్యి తీసేసి ఊరికే కూర్చున్నాను
అది నన్ను మరిచిపోయేదాకా.
చెన్నైలో మే నెల.
మరిచిపోవడానికి చాలాసేపు పట్టింది.

పదకొండున్నరకి గిటారు తగిలించి
లావు తీగ ఒక్కసారి మీటాను.
రుబ్బురోట్లో గులకరాయి పడ్డట్టు మొదలై
నిండి, ఉబ్బి, గది మూలల్ని నెట్టి,
చివర్న పాత దుప్పటిలా పిగిలిపోయింది.
కింద సెల్వి అక్క చీపురు కర్రతో కప్పు పొడిచింది.
సరేనని గిటారు మీద వాల్యూము మూడుకి తగ్గించాను.
అప్పుడు,
అంత అరిచిన డబ్బా
గొంతు సవరించుకుని
ఒక్కో తీగనీ విడివిడిగా, నెమ్మదిగా,
చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

ఎన్నేళ్లు చేసిందో అదే పని.
గడప అవతల ఎవరో సణిగింది,
పక్క గదిలో దాచుకున్న ఏడుపు,
మరుసటి రోజు కూర ఏమిటన్నది,
అన్నీ పెద్దవి చేసి చేసి ఒక్క మనిషికే అందించింది.
అరవడం దానికిదే మొదటిసారి.

ప్లాస్టరు ముక్కని మూత లోపలివైపు అంటించి
నాలుగు మరలూ బిగించాను.
రేపు పదింటికి షాపు.

మధ్యాహ్నాలు మటుకు దీన్ని వాయించను.
ఆవిడకి వేడి పడదు.