ముంతలో నీళ్లు

ఎస్పీ రోడ్డులో మా కొట్టు ఆరడుగుల వెడల్పు.
ఒక బల్ల, ఒక భూతద్దం, చిన్నాపెద్దా స్క్రూడ్రైవర్లు,
మీగడ కట్టిన బై-టూ కాఫీ.
మార్కెట్ సద్దుమణిగిన మధ్యాహ్నం
మారెక్క వచ్చింది, వేళ్లకింకా తడి అరటినార.

"సూడప్పా, నిండిపోయిందంటాది దినామూ.
గంప నిండితే కంటికి కనపడతాది.
ఇది యాడ నిండింది?"

తెరిచి చూశాను. పదకొండు వేల ఫొటోలు.
సగం అప్పుల చీటీలు:
బసవనగుడి పూజారి, రెండు వందల నలభై.
మంటపం డెకరేషన్ వాడు, మూడు వేలు,
వాడి సంతకం, వాడి బండి నంబరు, వాడి చెప్పులు కూడా.
మిగతా సగం గులాబీల మీద శుభోదయాలు,
పూలమ్మేదానికి పూలు పంపే బంధువులు.

అక్కా, ఫోనంటే నీ గంప, అన్నాను.
నీ నెత్తినే ఉంటుంది.
నెట్ లేకున్నా చెయ్యి పెడితే తగులుతుంది.
జారితే మాత్రం అంతా మోరీపాలు.
క్లౌడంటే కోల్డ్ స్టోరేజి.
గంప చిరిగినా మూట అక్కడ భద్రం.
చీటీ చూపిస్తే ఇస్తారు, పాస్‌వర్డ్ అంటారే, అదీ చీటీ.
కొంతదాకా ఊరికే, ఆపైన నెలనెలా బాడుగ.

"క్లౌడంటే?"

మబ్బు, అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

రాయదుర్గం పక్క పల్లె ఆమెది.
పడమట మబ్బు చూసి శెనక్కాయ విత్తి
ఆరేళ్లు వరసగా ఆకాశానికి అప్పిచ్చిన ఇల్లు.
నవ్వి నవ్వి కొంగుతో కళ్లొత్తుకుంది.
"మబ్బుకిచ్చింది యెవురికైనా తిరిగొచ్చిందా నాయనా?
మబ్బులో నీళ్లు సూసి
ముంతలో నీళ్లు ఒలకబోసుకోమంటావా?"

సామెత అనుకుంటాం గానీ
ఈ బల్ల ముందు రోజూ జరిగేది అదే.
మెడలో ట్యాగులున్నవాళ్లే వస్తారు,
పైన ఉంది కదా అని ఇక్కడ తుడిచేసి
పైనా తుడిచిపెట్టుకుపోయాక.
అందుకే చెప్పాను: ఒక్కోసారి రెండూ ఒకే తాడుకు కట్టిన బక్కెట్లక్కా,
ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది.
చోటు ఖాళీ చెయ్యడం వేరు. తీసెయ్యడం వేరు.
నొక్కేముందు చదివించుకో.

"ఆ గోడౌను యాడుండాది? ఒకతూరి సూసొస్తా."

తెలీదు. ఏ ఊరో, ఏ దేశమో.
పెద్ద హాళ్లు, బీరువాల నిండా మిషన్లు,
రేయింబవళ్లు కాగుతుంటాయి,
చల్లార్చడానికి కొన్నిచోట్ల నీళ్లు వాడతారట.

"నీళ్లా?"

మా సందులోకి టాంకరు వచ్చి నాలుగు రోజులు.
ఇద్దరం గుమ్మం పక్కన నీలం డ్రమ్ము కేసి చూశాం.

"అయితే ఈ మబ్బు కురిసేది కాదు," అంది మెల్లగా.
"తాగేది."

శుభోదయాలన్నీ చెరిపాం, ఆమె వేలే నొక్కింది, కసిగా.
అప్పుల చీటీలు పైకెక్కడం మొదలైంది.
అడుగున ఒకటి దొరికింది, తొమ్మిది సెకన్ల వీడియో.
బోరు లారీ, ఎర్రమట్టి,
ఎవరిదో "వచ్చె, వచ్చె" అని కేక,
తెల్లగా లేచిన నీళ్లు, లెన్సు మీద చుక్కలు.
అయిపోయింది.

"రెండు నెల్లకే ఎండిపోయె," అంది,
మూర మల్లెలకు ధర చెప్పినట్టు.
"దీన్ని పైకి పంపొద్దు. ఇది నేలది."

ఫోన్ పోతే ఇదీ పోతుందక్కా, అన్నాను.
చెప్పడం నా పని.

"నీళ్లే పోయినాయి. బొమ్మదేముందిలే."

అరవై ఒక్క శాతం దగ్గర సందు చీకటైంది.
ఉరుము. కరెంటు పోయింది, సిగ్నలు పోయింది,
తెర మీద గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది.
మబ్బు పట్టేసరికి మబ్బుకు దారి లేదు.

మల్లెలు చుట్టే కవరులో ఫోన్ చుట్టి
రొండిన దోపుకుంది మారెక్క.
తక్కినవి రేపు, అంది.
డబ్బులకు బదులు రెండు మూరల కనకాంబరం బల్ల మీద పెట్టి
గంప బోర్లించి నెత్తిన పెట్టుకుని వానలోకి దిగింది.

నేను డ్రమ్ము మూత తీశాను.