గంట ఒక్కసారే

తెల్లారకముందే వరసలో నిలబడ్డాను.
మడ అడవి బురద ఇంకా మడమల మీదే ఉంది.
నా ముందు న్యీమా, ఆమె ముందు ఆమె కోడలు,
ఆ ముందు ఎవరివో ఒక జత చెప్పులు.
మనిషి నీడకు పోయి
చోటు కాయమని వాటిని వదిలాడు.

ఇవాళ బడి దగ్గర సైకిళ్లు తిరగకూడదట,
సైకిల్ గంటా ఓటు గంటా ఒకేలా మోగుతాయని.

సిరాలో వేలు ముంచమన్నాడు కుర్ర ఆఫీసరు.
ఆల్చిప్పలు కోసిన గాట్లలోకి దిగి
చురుక్కుమంది.

తర్వాత అరచేతిలో ఒక గాజు గోళీ.
అంతే. ఐదేళ్లకొక గోళీ.

తెర వెనక మూడు పీపాలు, మూడు రంగులు,
నవ్వుతున్న మూడు మొహాలు.
ఇంట్లో కూడా ఎప్పుడూ ఇంత ఒంటరిగా లేను.
ఏ రంగో రాత్రే చెప్పాడు లాండింగ్.
సరే అన్నాను.
సరే అనడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు.

పోయినసారి నేను వేసినాయన
వాగు మీద వంతెన అన్నాడు.
తెడ్డు ఇంకా నా చేతిలోనే ఉంది.
ఆ కోపం కూడా పాతబడి
దేనికీ పనికిరాకుండా పోయింది.

గోళీ వేడెక్కేదాకా పట్టుకుని
వదిలాను.

టంగ్.

బయట ఏజెంట్లు విన్నారు: ఒక దెబ్బ, ఒక మనిషి.
ఏ పీపాలోంచో గంట చెప్పదు.

రాత్రికి చిల్లుల పలక మీద పోసి లెక్కపెడతారు.
అందులో నాదేదో
నేనైనా పోల్చుకోలేను.

అన్నం దగ్గర లాండింగ్ అడిగాడు,
"చెప్పినట్టే వేశావుగా?"
చేప ముక్క అతని వైపు జరిపాను.

వీధిలో అప్పుడే ఎవడో కుర్రాడు
పొద్దుటి నుంచీ ఆపుకున్న సైకిల్ గంట
ఆపకుండా మోగిస్తూ పోయాడు.

నాకు నవ్వొచ్చింది.
ఎందుకని అడిగాడు.
సరే, తిను, అన్నాను.