గోళ్ల ఓడ

జగదాంబ జంక్షన్‌లో చెప్పుల కొట్టు పక్కన
పాత పుస్తకాల గుట్టలో దొరికింది, నలభై రూపాయలకి.
అట్ట మీద మంచు, గొడ్డలి, ఒక తోడేలు.
నాన్న తోడేలుని చూసి
"మనీది కుక్కలాగున్నాది" అన్నాడు.

నాన్న, పేర్ల ఎల్లాజీ.
కేజీహెచ్ మార్చురీలో రాత్రి డ్యూటీ.
చదువు బస్సు నంబర్ల వరకే.
అన్నం తిని క్యారేజీ సర్దుకునేలోగా
రోజుకి పది పేజీలు చదివి వినిపించేదాన్ని.

ఒంటికన్ను దేవుడు
బావి దగ్గర కన్ను తాకట్టు పెట్టి
తెలివి తెచ్చుకున్నాడంటే
"వొడ్డీ ఎంతంట?" అన్నాడు.
భూమి చుట్టూ సముద్రంలో
తన తోక తనే కరుచుకున్న పాముందంటే
డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూసి
అదెప్పట్నుంచో తెలిసినట్టు తలూపాడు.
సుత్తి విసిరే వీరుడి దగ్గర ఆవులించాడు.

నూట పన్నెండో పేజీ దగ్గర ఆగాడు.

చచ్చినవాళ్ల గోళ్లతో
పాతాళంలో ఒక ఓడ తయారవుతోంది.
గోళ్లు తియ్యకుండా సాగనంపిన ప్రతి మనిషీ
దానికొక చెక్క ఇచ్చినట్టే.
ఓడ పూర్తయిన రోజు లోకం మునుగుతుంది.

"మల్లీ సదువు."
మళ్లీ చదివాను.
క్యారేజీ మూత పెట్టడం మర్చిపోయాడు.

ఓడలు కట్టే ఊరు మాది.
షిప్‌యార్డు సైరన్ విని తాత చద్దన్నం ముందు కూర్చునేవాడు.
ఏ ఓడా ఒక్క రోజులో నీళ్లలోకి దిగదని
నాన్నకి తెలుసు.
"అయితే ఇంకా టైమున్నాది" అన్నాడు.
మర్నాడు పూర్ణా మార్కెట్లో
పాతిక రూపాయల నెయిల్ కట్టర్ కొన్నాడు.

అప్పట్నుంచి ఎవరూ రాని వాళ్లకి,
యారాడ రాళ్లలో చిక్కిన వాళ్లకి,
రైలు పట్టాల మీంచి వచ్చిన వాళ్లకి,
పేరు బదులు నంబరున్న వాళ్లకి
డాక్టరు పని అయ్యాక, పోలీసు సంతకం పడ్డాక
ఒక్కొక్క వేలూ పట్టుకుని
"ఏటనుకోకు బావూ" అంటూ తీసేవాడట.
ఒక పిల్ల గోళ్లకి సగం ఊడిన గులాబీ రంగుందని
ఆ తెల్లారి టీ తాగలేదు.

తీసినవి కాగితంలో మడిచి తెచ్చి
ఇంటి వెనక గోరింట మొదట్లో పాతేవాడు.
ఆషాఢంలో అమ్మ ఆకు కోయబోతే
వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

తుపాను వచ్చిన అక్టోబరులో
బీచ్ రోడ్డు చెట్లన్నీ వేళ్లు పైకి పెట్టి పడుకున్నప్పుడు
నాన్న రెండు రోజులు ఇంటికి రాలేదు.
కరెంటు లేదు. సెల్ టార్చి పళ్లతో కరిచిపట్టి
పని చేశాడట.
మూడో సాయంత్రం, తడి చొక్కాతో గుమ్మంలో నిలబడి
ఇంటి పైకప్పు గురించి కాదు,
ఓడ గురించి అడిగాడు.
"ఎల్లిపోనాదేటి?"

పుస్తకం నేనెప్పుడో పూర్తి చేశాను.
మూడు వందల తొంభయ్యో పేజీలో
ఓడ కదులుతుంది. తోడేలు సూర్యుణ్ని మింగుతుంది.
రాసినాయన దాదాపు ఎవర్నీ మిగల్చడు.

ఆ పేజీయే తెరిచాను.
కొవ్వొత్తి దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి,
లేని వాక్యం చదివాను.
"చుక్కాని దగ్గర ఒక్క చెక్క తక్కువైంది.
దానికోసం ఇంకా వెతుకుతున్నారు."

నాన్న మంచం మీద కూలబడి
చేతులు చూసుకున్నాడు.
గోళ్లు బాగా పెరిగాయి, అంచుల్లో నలుపు.
జేబులోంచి కట్టర్ తియ్యబోతే ఆపి
వంటింట్లోంచి కొత్త బ్లేడు తెచ్చాను.

దీపాలు పెట్టాక గోళ్లు తియ్యకూడదే అని
అమ్మ అరుస్తూనే ఉంది.