ఆగని చోట దిగేవాళ్ళు

నంబూరు దాటాక
కట్ట మట్టి కుంగిందని
రెండేళ్ళ కిందట పాతిన కాషన్ బోర్డు.
పాసింజరు అక్కడికొచ్చేసరికి
చూలు గేదెలా నెమ్మదిస్తుంది.
ఆగదు.
ఆగిందనుకుని దిగుతారు జనం.

నాది మూడు రోజుల పని.
తుమ్మచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ,
బొటనవేలితో నొక్కే లెక్కల డబ్బీ,
విజయవాడ ఆఫీసు ఇచ్చిన ఫారం.
ఎక్కువారికి ఒక గడి, దిగువారికి ఒక గడి.
దూకువారికి గడి లేదు.
వాళ్ళనీ దిగువారిలోనే వేశాను.
రోజుకి మూడొందలు దాటితేనే
ఇక్కడో హాల్టు, ఒక టికెట్టు గది,
రెండు సిమెంటు బెంచీలు.

పొద్దున ఐదూ నలభైకి
గుంటూరు మిర్చి యార్డుకెళ్ళే ఆడవాళ్ళు.
ముందు క్యారేజీ సంచులు ఎక్కుతాయి,
తర్వాత చేతులు.
లోపలివాళ్ళు ఆ చేతులు పట్టుకుని
మనుషుల్ని లాక్కుంటారు.
కోటిరత్నం ఎప్పుడూ ఆఖరు.
మోకాళ్ళు అరిగాయట.
తొడిమలు తీసీ తీసీ ఎర్రబడ్డ గోళ్ళ చేతిని
నడుముకి ఆనించి చూపించింది:
"మెట్టు ఇక్కడికొస్తదయ్యా.
మీ స్టేషను ఎంతెత్తు కడతారు?"

హాల్టు కదా, రైల్ లెవెల్ చాలని
కాగితంలో ఉంది.
అంటే పట్టా ఎత్తే.
అంటే మెట్టు మళ్ళీ ఆమె నడుము దగ్గరే.
చెప్పలేక,
"పై ఆఫీసు చూస్తుంది" అన్నాను.
ఆమె తుమ్మింది.
కొంగులో ఇంకా నిన్నటి ఘాటు.

రెండో రోజంతా పేరు గొడవ.
పట్టాలకి అటు కర్లకుంట, ఇటు మునగలపాలెం.
పసుపు బోర్డు మీద మా ఊరే ఉండాలని
వాళ్ళూ వీళ్ళూ వచ్చి
నా కుర్చీ చుట్టూ నిలబడ్డారు,
బోర్డు నా సంచిలో ఉన్నట్టు.
ఫ్లాస్కుతో టీ అమ్మే నాగుల్ మీరా అన్నాడు:
"కాషన్ అని పెట్టండి సార్, తగువే లేదు.
మా మేనకోడలు శుభలేఖలో కూడా
'కాషన్ దగ్గర దిగవలెను' అనే వేయించాం."
అందరూ నవ్వారు.
దానియేలు నవ్వలేదు.

దానియేలు కీమ్యాను.
సుత్తి భుజాన వేసుకుని
రోజూ ఈ కట్ట మీద నడుస్తాడు.
టీ గ్లాసు పెట్టేసి మెల్లగా చెప్పాడు:
"మట్టి గట్టిపడింది సార్.
వచ్చే నెల కాషన్ ఎత్తేస్తారు.
బండి ఇక నూరు మీద పోతుంది."

కట్ట బాగుపడితే
వీళ్ళకి బండి లేదు.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మట్టి ఇంకొంచెం కుంగితే బాగుండునని
రైల్వే కూలి తింటూ అనుకున్నాను.
తప్పే.

మూడో రోజు వాన తుంపర.
సాయంత్రం బండి వెళ్ళాక
దానియేలు నన్ను కొంచెం దూరం నడిపించాడు.
ఒక స్లీపరు మీద సున్నం గీత.
"మా అన్న కొడుకు ఏలీషా.
పాలిటెక్నిక్ రెండో సంవత్సరం.
శ్రావణంలో, చెప్పు జారి."
వాన పడ్డప్పుడల్లా గీత చెరిగిపోతుందట,
మళ్ళీ గీస్తాడట.
ఎవరూ చెప్పలేదు గీయమని.

డబ్బీ జేబులోనే ఉంది.
రెండొందల ఎనభై ఒకటి.
అతను దిగాడు కదా,
ఈ చోటే, స్టేషను ఉందనుకుని.
ఒకసారి నొక్కాను.
ఎనభై రెండు.
మూడొందలకి సరిపోలేదు.
సరిపోవడానికి నొక్కలేదు.

మర్నాడు విజయవాడ బండిలో
ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
కృష్ణ మీద వంతెన గడగడలాడుతుంటే
చేతిరాత వంకర పోయింది.
అయినా రిమార్కుల గడిలో రాశాను:
ప్లాట్‌ఫారం ఎత్తు,
కోటిరత్నం మోకాలు దాటి మెట్టు ఉండకుండా.

ఆమె ఎవరని అడుగుతారు.
కొట్టేస్తారు కూడా.
పెన్సిలు ఉంది జేబులో.
పెన్నుతోనే రాశాను.