రెండో పెట్టె

పురపాలక సంఘం వాళ్ళు అడిగింది ఒక్క వాక్యమే.
రేవుగోడకి బిగించే కంచు పలక మీద
పన్నెండు మాటలు మించకూడదట:
తేదీ, పేరు, కారణం.
ఇవాళ్టికి పద్నాలుగు నెలలు.

ముప్పై ఏళ్ళు ఈ సారెమా దీవిలో
పొలాలు కొలిచినదాన్ని.
రెండు కమతాల మధ్య పేర్చిన రాతిగోడ
ఏ తరంలో ఎన్ని మూరలు జరిగిందో,
ఎవరు రాత్రిపూట జరిపారో చెప్పగలను.
కాగితాలూ అంతే అనుకున్నాను.

నీటివిమానం.
రెక్కలకి నారగుడ్డ, గుడ్డకి వార్నిషు.
పందొమ్మిది వందల పదహారు, వేసవి చివర.
జారు చక్రవర్తి నౌకాదళానిది.
ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

దళం దినచర్య పుస్తకం: ఆగస్టు ఇరవై రెండు.
నిర్మలాకాశం. నాలుగొందల మీటర్ల ఎత్తున
ఇంజను ఆగింది. మృతుడు ఒకరు.
జర్మన్ల ప్రకటన: సెప్టెంబరు నాలుగు.
కూల్చింది మేమే.

ఆ పదమూడు రోజుల ఎడం చూసి
మొదట బెంబేలెత్తాను, తర్వాత నవ్వొచ్చింది.
పాత పంచాంగం, కొత్త పంచాంగం. రోజు ఒకటే.
ఒక్క మనిషిని చెరో తేదీన చంపుకున్నారు, అంతే.

దీపస్తంభం కావలివాడు మిహ్కెల్ మాత్రం
అదే రోజు గడిలో రాశాడు:
తెల్లవారినుంచీ మంచు. నా చెయ్యి నాకే కనబడలేదు.
రోజంతా గంట కొడుతూనే ఉన్నాను.
అబద్ధమాడితే అతనికేం ఒరుగుతుంది?
దీపం నూనె లెక్కలో చెంచాడు తేడా రానివ్వని మనిషి.
మరి ఆ నిర్మలాకాశం
ఎవరి బల్ల మీద తయారైంది?

పేరు ఇంకో తలనొప్పి.
దళానికి వెర్గిన్, ఆసుపత్రికి వెర్హిన్,
చర్చి పుస్తకంలో, పాస్టరు గారి ముళ్ళకంప రాతలో, వెర్షీన్.
భూతద్దం కింద మూడు వారాలు పెట్టుకుంటే
ముగ్గురూ మెల్లిగా ఒక్కడయ్యారు.
ఇరవై ఆరేళ్ళవాడు.
ఎడమ మణికట్టు మీద పాత కాలిన మచ్చ.

ఫిబ్రవరిలో, కురెస్సారె దస్తావేజుల గదిలో,
హెల్గి తాళం వేసే వేళకి ఇరవై నిమిషాల ముందు
ఉప్పు సుంకం రసీదుల కట్టలో
దేనికో అంటుకుపోయి వచ్చింది ఒక చిట్టా.
పడవలు కట్టే ప్రీడూ రాసింది.
పైను పలకలు. మేకులు నూట పది. తారు అరడబ్బా.
శవపేటికలు రెండు.
ఒకటి ఎనిమిది జానలు.
ఇంకోటి ఆరున్నర.

రెండోదాని ధర మీద ఎర్రసిరా గీత.
పక్కన సరఫరా అధికారి సంతకం:
ఆమోదం లేదు.

మెకానిక్కేమో అనుకున్నాను.
అతను సెలవు మీద ఇంటికెళ్ళాడు,
పైనెల జీతం అందుకుని వేలిముద్ర కూడా వేశాడు.
బడి హాజరుపట్టీ తిరగేశాను.
ఆ శరత్తులో మూడు పేర్లు ఆగిపోయాయి:
ఒకరికి తట్టు, ఒకరు రీగాకి మకాం,
మూడోపేరు ఎదుట గడి ఖాళీ.
దానికేసి చూస్తూ టీ చల్లార్చుకున్నాను.
ఖాళీ గడి సాక్ష్యం కాదు, నాకు తెలుసు.

టేపు పట్టుకుని శ్మశానానికీ వెళ్ళాను.
వెర్గిన్ ఇనుప సిలువకీ జునిపర్ పొదకీ మధ్య
తొమ్మిది జానలు వచ్చింది.
దాంతో ఏమీ తేలదు.
ప్రతి చలికాలం గడ్డకట్టి, మళ్ళీ కరిగి
నేల తన లెక్క తనే మార్చుకుంటుంది.

చివరికి పలకకి వాక్యం పంపాను.
కారణం రాయలేదు. ఇద్దరు అని రాశాను.
మర్యాదగా జవాబొచ్చింది: రెండో పేరు తెలుపగలరు.
ఇంకా ఏమీ తెలపలేదు.

రాత్రిళ్ళు నాకు గుర్తొచ్చేది
విమానం కాదు, మంచు కాదు,
డబ్బు రాని పెట్టె దగ్గర నిలబడ్డ ప్రీడూ.
తారు అరడబ్బా.
నాన్న పడవకి నేనూ పూసినదాన్నే, నాకు తెలుసు,
ఒక్క పెట్టెకి
అంత పట్టదు.