సున్నం దిగేదాకా

మాది బేతంచెర్ల.
రాయి కోసే మిల్లుల నుంచి
పాలలాంటి నీళ్లు కాలువల్లో పారే ఊరు.
చిన్నప్పుడు మా నాయన
నాపరాయి మీద నిమ్మకాయ పిండి చూపించేవాడు:
"ఇను, బుస్సుమంటాది.
సున్నముంటేనే రాయి మాట్లాడేది."

ఇప్పుడు కర్నూలు పెద్దాసుపత్రి,
పాథాలజీ ల్యాబులో కిటికీ పక్క బల్ల.
ఇరవై రెండేళ్లుగా
సున్నాన్ని మాట్లాడించడమే నా జీతం.

మాంసం ముక్కయితే మర్నాటికే కోతకొస్తుంది.
ఎముక అట్ల కాదు, మొండిది.
యాసిడ్‌లో నానాలి.
రోజూ ద్రవం మార్చాలి.
రోజూ అడగాలి.

చీటీ మీద:
మాబున్ని, పదిహేనేళ్లు, ప్యాపిలి.
కుడి తొడ ఎముక, మోకాలి వైపు కొస.
సీసాలో చిక్కుడు గింజంత ముక్క.
ఖోఖోలో పడిన దెబ్బే అనుకున్నారట.
మూడు నెలలు ఇటుక కాపడం, ఆముదం,
ఒక కట్టు, ఇంకో కట్టు.
రాత్రుళ్లు నొప్పికి లేచి కూర్చుని
పొద్దున బడికి పోయిందట.

ఎక్స్‌రే నేనూ చూసినాను,
కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి.
ఎముక పక్కన పొద్దు పొడిచినట్టు
సన్నటి కిరణాలు, కండలోకి.
ఏ ఎముకా అంత అందంగా ఉండకూడదు.

మొదటి రోజు బుడగలు.
రెండో రోజూ బుడగలే.
మూడో రోజు పాత ద్రవంలో చుక్కలేసి చూస్తే
గాజు గొట్టంలో మబ్బు పట్టింది.
ఇంకా సున్నం ఉంది.
ఇంకా చెప్పదు.

వరండాలో వాళ్లమ్మ కాశింబీ,
ఒళ్లో టిఫిన్ క్యారియరు.
నేను కనపడితే చాలు లేస్తాది.
"నానిందా సార్?"
శనగల్ని అడిగినట్టు అడుగుతాది.
"ఇంకా లేదమ్మా.
తొందరపడితే కత్తి చెడిపోతుంది" అన్నాను.
కత్తి గురించే చెప్పినాను.
ఎక్కువ నానినా
రంగు పట్టక కణాలు వెలిసిపోతాయని,
రాత్రి పదికి మళ్లీ వచ్చి చూసి పోతున్నానని
చెప్పలేదు.

ఐదో రోజు మబ్బు రాలేదు.
గుచ్చిన సూది
జున్నులో దిగినట్టు దిగింది.
మైనంలో పోసి,
ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోసి,
గోరువెచ్చటి నీళ్ల మీద తేలేసి,
గాజుపలక మీదికి ఎత్తుకున్నాను.
నీలం. ఆపైన గులాబీ.

మేడం చాలాసేపు చూసింది.
చూసి, కుర్చీ పక్కకు జరిపి
"మద్దిలేటీ, రా" అనింది.

మంచి ఎముకలో వరసలుంటాయి,
దున్ని వదిలిన చేనులో చాళ్ల మాదిరి.
ఇక్కడ చాళ్లు లేవు.
ముదురు నీలపు కణాలు, తలా ఒక ఆకారం,
తలా ఒక గులాబీ పోగు వదులుతూ
పొంతన లేని జాలీ అల్లుతున్నాయి.
ఎముకే అది.
ఎవరూ అడగని ఎముక,
ఎవరి బరువూ మోయని ఎముక.
ఐదు రోజులు నేను దించిన సున్నంలో
ఎంత ఆ పిల్లదో, ఎంత వీటిదో.

మేడం పెన్ను మూత తీసింది.
రాయలేదు.
మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది.
పోర్టు వైపు, బస్టాండు వైపు, ఎటో
హారన్లు మోగుతున్నాయి.

రిపోర్టు చెప్పడం నా పని కాదు.
కానీ ఇంటికి పోవాలంటే
వరండా దాటాలి.
కాశింబీ లేచింది.
"ఈరోజు?"

నాలుకకు ఎముక లేదంటారు.
ఆ పూట నా నోట్లో మొలిచింది,
అడ్డదిడ్డంగా,
అంగిలి దాకా.
"మేడం పిలుస్తాది" అన్నది ఒక్కటే
దాన్ని దాటుకొని వచ్చింది.

ఆమె నా మొహం చూసింది.
ఏమీ అడగలేదు ఇంక.
క్యారియరు మూత తీసి
"ఉగ్గాని సార్. పాప ముట్టలేదు.
పారేసేకి చేతులు రాలేదు" అనింది.

నిలబడే తిన్నాను.
వేళ్లకు యాసిడ్ వాసన.
నములుతుంటే
దవడ ఎముక కదులుతున్న చప్పుడు
చెవులకు వినిపించింది,
మొదటిసారి,
చాలా గట్టిగా.