రెండు పచ్చల మధ్య

మూడేళ్ళు కాగితాలు మోశాను.
నలభై ప్రశ్నలు, ప్రశ్నకి ఐదు గళ్ళు.
శిక్షణ ఎలా ఉందంటే
అందరి టిక్కూ చివరి గడిలోనే:
చాలా బాగుంది.
మధ్యాహ్నం పెట్టిన కోడికూర బాగుందో, పాఠం బాగుందో
గడి చెప్పదు.

ఈసారి మొగల్తూరు అవతల
రొయ్యల చెరువు గట్టుకి
ఒక పెన్ను, ఒక తెల్లకాగితంతో వెళ్ళాను.
కొల్లాటి మావుళ్ళమ్మతో అన్నాను:
నేర్పింది చేయండి. చేస్తూ
లోపల అనుకునేది పైకి అనండి. అంతే.

"పైకంటే పిచ్చిదంటారండి" అని నవ్వింది.

అలవాటుకని ముందో చిన్న లెక్క ఇచ్చాను:
మీ ఇంటికి కిటికీలెన్ని?
కళ్ళు మూసుకుని ఇల్లంతా తిరిగింది.
"వంటగదికొకటి... మంచం పక్కదొకటి...
ఇంకోటి తుఫానుకి ఊడిపోయిందండి, ఫ్లెక్సీ కట్టాం.
అది లెక్కలోకొస్తదా?"

తర్వాత గాజు గొట్టం తీసుకుంది.
"గీత దాకా నీళ్ళు. ఆరు చుక్కలన్నారు... ఎనిమిదా? ఆరే.
మూతెట్టి ఊపాను.
ఐదు నిమిషాలాగాలి. ఫోను మా ఆయన దగ్గరుంది,
వంద మూడుసార్లు లెక్కెట్టుకుంటా."

లెక్కపెట్టింది. నేనూ విన్నాను.

"ఆయ్, పచ్చగా వచ్చింది. కార్డులో పచ్చలు రెండు.
ఒకటి జామకాయ, ఒకటి జామాకు.
నాది మధ్యలో ఉంది.
పైన నీలం పట్టా... దాని రంగేమన్నా పడుతోందేమో..."

ఆగింది.

ఎండలోకెళ్ళి చూడమ్మా అన్న మాట
నా నాలిక చివర నిలబడింది.
మింగేశాను. ఈ పనిలో కష్టమంతా ఇదే.
చెరువులో ఏరేటరొక్కటే మాట్లాడుతోంది.

అంటూ ఉండండి, అన్నాను.

"ఏం అనుకోట్లేదండి, భయపడుతున్నా.
తప్పు పచ్చ చెప్తే డబ్బా మందు కొనాలి."

ఆ పట్టా కిందే ఇంకో నలుగురు.
ముగ్గురు అక్కడే, ఆ రెండు పచ్చల దగ్గరే ఆగారు.
నాలుగోవాడు ధనకోటి కార్డు ముట్టుకోలేదు.
అడుగు మట్టి పిడికెడు తీసి వాసన చూసి
"పర్లేదు" అన్నాడు. అదీ రాసుకున్నాను.

నరసాపురం బస్సులో నివేదిక అరపేజీకే అయిపోయింది.
పట్టా తీసేయండి.
మధ్య రంగొస్తే ఏం చేయాలో నేర్పండి.
ధనకోటి ముక్కుని కూడా పాఠంలో పెట్టండి.

ఎంత శాతం అని ఆఫీసులో అడుగుతారు.
ఐదుగురి మాటలకి శాతమేమిటి?

ఇంతకీ ఊడిన కిటికీ
లెక్కలోకొస్తుందో రాదో
ఆమెకి చెప్పకుండానే వచ్చేశాను.